పలికే రాయి... పలకని కొండ

అలిపిరి పాదాల మండపం దగ్గర తెల్లవారుజామున ఓ అరగంట నిలబడి చూడండి. శ్రీవారి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసేవాళ్ళు ఒకవైపు. కొబ్బరికాయ కొట్టి, మొదటి మెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించేవాళ్ళు మరోవైపు. మొక్కున్నవాళ్ళయితే 3,550 మెట్లకీ బొట్లు పెట్టుకుంటూనే వెళతారు. నడుం పట్టేసినా వంగడం మానరు. అంతమంది అంతసేపు వంగి చూసేది రాతినే. కానీ అది ఎలాంటి రాయి, ఎంత గట్టిది, ఎప్పటిది అని అడిగేవాళ్ళు కనపడరు. అడగాల్సిన పనేముంది! ఏడుకొండలవాడి కొండ. కదలదు, పడదు.

పడింది. 2021 డిసెంబరు 1 ఉదయం.

అంతకుముందు నవంబరులో తిరుపతిని వానలు ముంచెత్తాయి. నెల మధ్యలో వీధులు ఏరులయ్యాయి. అలిపిరి మెట్లమీద నుంచి నీళ్ళు జలపాతంలా దూకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా తెరుచుకోలేదు. వానలు కాస్త తెరిపినిచ్చాయి అనుకుంటుండగా, కొండమీదికి వెళ్ళే రెండో ఘాట్‌రోడ్డులో పెద్ద పెద్ద బండరాళ్ళు విరిగిపడ్డాయి. రోడ్డు కోసుకుపోయింది. రక్షణగోడలు కొట్టుకుపోయాయి. రోజూ వేలమంది ప్రయాణించే ఆ దారిలో ప్రాణనష్టం జరగలేదు. అదృష్టం అనండి, స్వామి దయ అనండి, మీ ఇష్టం. కొన్ని వారాలపాటు బండ్లను లింకురోడ్డు మీదుగా మొదటి ఘాట్‌రోడ్డుకు మళ్ళించాల్సి వచ్చింది. ఐఐటీల నుంచి నిపుణులొచ్చి కొండ చరియల్ని పరిశీలించి వెళ్ళారు.

అప్పుడు ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే మాట. 'వానకి రాయి నానిపోయింది' అని! నిజంగా రాయి నానుతుందా? ఆ ప్రశ్న పట్టుకుని ఒక ఇంజినీరింగ్ కళాశాల ప్రయోగశాలకు వెళ్ళాను. సివిల్ చదివినవాణ్ని కాదు కాబట్టి అక్కడ అడిగిన ప్రశ్నల్లో సగం వాళ్ళకు నవ్వు తెప్పించేవే. అయినా ఓపిగ్గా చూపించారు.

దానికంటే ముందు ఇంకో పరీక్ష గురించి చెప్పాలి. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక సుత్తి చాలు.

గంటలా పలకాలి

అలిపిరి దారిలోనే తితిదే వారి సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉంది. విగ్రహానికి రాయిని ఎంచుకోవడం దగ్గరే సగం శిల్పం అయిపోతుందంటారు ఆ విద్య తెలిసినవాళ్ళు. శిల్పశాస్త్రాల్లో రాయిని మూడు రకాలుగా చెప్పారు. పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల. సుత్తితో తడితే కంచుగంటలా ఖంగుమని మోగేది పురుషశిల. మెత్తగా, తాళంలా పలికేది స్త్రీశిల. మూగగా ఉండిపోయేది మూడోది. దాంతో మూలవిరాట్టును చెక్కరు. ఎక్కువగా పునాదుల కిందికి వెళుతుంది. పేర్ల సంగతి వదిలేయండి, ఆ రోజుల ఊహ అది. అందులోని పరీక్ష మాత్రం అచ్చమైన ఇంజినీరింగ్.

చంద్రగిరి వైపు రాయి కొట్టే ఒక పెద్దాయన్ని ఇదే అడిగితే తన పద్ధతిలో చెప్పాడు. ''కొట్టి ఇను సామీ. గంట మాదిరి పలికిందంటే లోపల ఏమీ లేదని. దబ్బుమనిందా... యాడో ఒక నెర్రె ఉండాదని. నీ కంటికి కనపడదు. ఉలి పెట్టినాక కనపడతాది. అప్పటికి నీ కూలి పోతాది.''

నెర్రె ఉంటే శబ్దం ఎందుకు మారుతుంది? సుత్తి దెబ్బకు పుట్టిన కంపనం రాయంతా ప్రయాణించి వెనక్కి రావాలి. దారిలో చీలిక అడ్డొస్తే అక్కడే చెదిరిపోతుంది. ప్రయోగశాలలో దీన్నే అల్ట్రాసోనిక్ పరికరంతో చేస్తారు. రాతికి ఒకవైపు నుంచి మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, రెండోవైపుకు ఎంతసేపట్లో చేరిందో చూస్తారు. ఏ లోపమూ లేని మంచి గ్రానైట్‌లో అది సెకనుకు దాదాపు 5 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. లోపల పగుళ్ళుంటే వేగం పడిపోతుంది. పెద్దాయన చెవి చేసే పనే. కాకపోతే యంత్రం అంకె చెబుతుంది, ఆయన 'దబ్బు' అంటాడు.

పదిహేను దెబ్బలు

ప్రయోగశాలలో మొదట చూపించింది ఇంపాక్ట్ పరీక్ష. పేరు పెద్దదే గానీ చూడటానికి రోకలి, రోలు! కంకరను జల్లించి 12.5 మిల్లీమీటర్ల జల్లెడలోంచి జారి, 10 మిల్లీమీటర్ల దాని మీద నిలిచిన ముక్కల్ని మాత్రం తీసుకుంటారు. ఓవెన్‌లో నాలుగు గంటలు ఆరబెడతారు. ఉక్కు గిన్నెలో పోసి, పైనుంచి దాదాపు 14 కిలోల సుత్తిని 380 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. సరిగ్గా పదిహేనుసార్లు. తర్వాత 2.36 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. కిందికి రాలిన పొడి మొత్తంలో ఎంత శాతమో అదే ఆ రాయి మార్కు. ఇక్కడ మార్కులు తక్కువ వస్తేనే పాసు. 10 లోపు వస్తే మహా గట్టి రాయి. 10 నుంచి 20 మధ్య అయితే గట్టిది. 30 దాటితే రోడ్డు పైపొరకు గానీ, కాంక్రీటు రోడ్డుకు గానీ పనికిరాదు. మన దేశపు ప్రమాణాల పుస్తకంలో ఈ పద్ధతి 1963 నుంచీ ఉంది.

రెండోది లాస్‌ఏంజెలిస్ పరీక్ష. హాలీవుడ్డుకీ కంకరకీ సంబంధం ఏమిటనుకున్నా. ఆ నగరపాలక సంస్థ ప్రయోగశాలలో 1920లలో పుట్టిందట. 700 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప పీపాలో ఐదు కిలోల కంకర, దాంతోపాటు పన్నెండు ఉక్కు గుండ్లు వేసి 500 చుట్లు తిప్పుతారు. చెవులు మూసుకోవాల్సిందే. పీపా ఆగాక ఎంత అరిగిందో తూస్తారు. లారీ టైర్లు ఏళ్ళ తరబడి చేసే పనిని పావుగంటో, ఇరవై నిమిషాలో చేసి చూపించే యంత్రం ఇది. ఇంపాక్ట్ పరీక్ష రాయికి దెబ్బ తట్టుకునే ఓపిక ఎంతుందో చెబుతుంది. ఇది ఒరిపిడికి ఎంత నిలుస్తుందో చెబుతుంది. ఒక పరీక్ష పాసైన రాయి రెండోదాంట్లో తప్పడం కూడా ఉంది.

అసలైన బల పరీక్ష వేరు. దానికి కంకర చాలదు. వజ్రపు పళ్ళున్న గొట్టంతో బండలోంచి స్తంభంలాంటి ముక్కను తొలుస్తారు. మామూలుగా 54 మిల్లీమీటర్ల లావు. పొడవు లావుకు రెండు, మూడు రెట్లు ఉండాలి. రెండు చివరలూ అద్దంలా సమంగా నూరాలి. కొంచెం వాలుంటే బరువంతా ఒక అంచు మీదే పడి లెక్క తప్పుతుంది. దాన్ని యంత్రంలో నిలబెట్టి నెమ్మదిగా బరువు పెంచుకుంటూ పోతారు. చాలాసేపు ఏమీ జరగదు. చిటచిటమని రెండు మూడు చప్పుళ్ళు. తర్వాత ఒక్కసారిగా ధన్! చూస్తున్నవాళ్ళు ఎగిరిపడతారు. మెత్తని రాయి నలుగుతుంది, గట్టి రాయి పేలుతుంది.

తిరుమల కొండ పైభాగం క్వార్ట్‌జైట్ అనే రాయి. ఈ జాతి రాయి సాధారణంగా 150 నుంచి 300 మెగాపాస్కల్‌ల దాకా తట్టుకుంటుంది. అంటే ఎంత? మధ్యలో 200 అనుకుందాం. మీ బొటనవేలి గోరంత, అంటే ఒక చదరపు సెంటీమీటరు రాతి మీద రెండు టన్నులు మోపినట్టు. బరువైన కారొకటి ఆ గోరు మీద నిలబడినట్టు. మనం ఇంటి శ్లాబుకు వాడే మామూలు ఎం-20 కాంక్రీటు బలం 20 మాత్రమే. అంటే పదో వంతు.

మరి నానడం? రాయి ఎంత నీరు తాగుతుందో కొలిచే పరీక్షా ఉంది. ఎండబెట్టి తూచి, ఒక రోజు నీళ్ళలో ఉంచి, పైన తడి తుడిచి మళ్ళీ తూస్తారు. ఇలాంటి దిట్టమైన రాళ్ళు తమ బరువులో ఒక శాతం కూడా తాగవు. ఇటుక 15, 20 శాతం దాకా తాగుతుంది. అక్కడి ల్యాబ్ అసిస్టెంటు నవ్వుతూ అన్నాడు, ''నానిపోవడానికి ఇవి శనగలా సార్!'' అని.

కాబట్టి రాయి నానలేదు. మెత్తబడలేదు. ఇంపాక్ట్, అరుగుదల, బలం, నీరు... ఏ పరీక్ష పెట్టినా మంచి మార్కులతో పాసయ్యే జాతి అది. అయినా కొండ విరిగిపడింది!

నూటికి పదిహేను

ఈ చిక్కుముడి మనకు మాత్రమే ఎదురైంది కాదు. ఫ్రాన్సులో మాల్‌పాసే అనే ఆనకట్ట 1959 డిసెంబరు 2 రాత్రి కొట్టుకుపోయింది. నాలుగువందల మందికి పైగా చనిపోయారు. కాంక్రీటులో లోపం దొరకలేదు. ఆనకట్ట ఆనుకున్న రాతి పునాదిలోని అతుకులూ చీలికలే కొంప ముంచాయని దర్యాప్తులో తేలింది. నీటి ఒత్తిడికి ఎడమ గట్టు కింద పెద్ద రాతి దిమ్మ కదిలిపోయింది. రాతి ముక్కను పరీక్షించడం వేరు, రాతి నేలను పరీక్షించడం వేరు అని ప్రపంచానికి ఆ రాత్రి తెలిసొచ్చింది. 1962లో అంతర్జాతీయ శిలాయాంత్రిక శాస్త్ర సంఘం ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టింది.

గట్టి ఇటుకలను సున్నం, సిమెంటు లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి, గోడను కొంచెం ముందుకు వాల్చండి. ఇటుక ఎంత గట్టిదైతే ఏం లాభం? కొండ కూడా అంతే. దానికి అతుకులుంటాయి. ఇంజినీర్లు జాయింట్లు అంటారు. ఆ అతుకులను కొలవడానికి పుట్టిన మొదటి తేలికైన పద్ధతి అమెరికా ఇంజినీరు డీర్‌ది, 1960లలో వచ్చింది. బోరు వేసి రాతి స్తంభాన్ని బయటికి తీస్తారు. అది ఎప్పుడూ ఒకే ముక్కగా రాదు. 10 సెంటీమీటర్లు, అంతకంటే పొడవున్న ముక్కల్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. చిన్నవన్నీ అవతల పారేసినట్టే. మీటరున్నర బోరులో 35, 22, 14, 12 సెంటీమీటర్ల ముక్కలు నాలుగొచ్చి మిగతాదంతా చిల్లర అయిందనుకోండి. మొత్తం 83. 150లో 83 అంటే 55 శాతం. అది 'పరవాలేదు' తరగతి. 90 దాటితే అద్భుతం, 25 లోపైతే నాసిరకం. గమనించండి, ఇక్కడ రాయి గట్టిదా మెత్తదా అని ఎవరూ అడగలేదు. ఎన్ని ముక్కలైంది అనే అడిగారు.

దక్షిణాఫ్రికాలో పనిచేసిన బీనియావ్‌స్కీ 1973లో ఇంకాస్త ముందుకు వెళ్ళాడు. కొండకు నూరు మార్కుల పేపరు తయారుచేశాడు. తర్వాత్తర్వాత సవరించిన ఆ పేపరులో మార్కుల పంపకం చూడగానే నాకు విషయమంతా అర్థమైపోయింది. రాయి బలానికి గరిష్ఠంగా 15. బోరు ముక్కల లెక్కకు 20. అతుకుల మధ్య దూరానికి 20. ఆ అతుకుల తీరుకు, అంటే గరుకుగా ఉన్నాయా, నున్నగా ఉన్నాయా, మధ్యలో బంకమట్టి చేరిందా అన్నదానికి, 30. నీటికి 15. యంత్రంలో పెట్టి పేల్చి చూసిన ఆ బ్రహ్మాండమైన బలానికి వందకు పదిహేనే!

అంతటితో అయిపోలేదు. అతుకులు రోడ్డు వైపుకు వాలి ఉన్నాయా, కొండలోపలికి వాలి ఉన్నాయా అన్నదాన్ని బట్టి మార్కులు కోస్తారు. స్పెయిన్‌కు చెందిన రొమానా 1985లో కొండవాలుల కోసం చేసిన సవరణలో ఈ కోత అరవై మార్కుల దాకా ఉంటుంది. ఫస్ట్‌క్లాసు కొండ ఒక్క దెబ్బకు ఫెయిలవుతుందన్నమాట. ఇల్లు ఎంత గట్టిగా కట్టినా వాకిలి ఎటు పెట్టావని అడిగే వాస్తు పండితుడు గుర్తొచ్చాడు నాకు. కాకపోతే ఈ దిక్కు లెక్క వెనక గురుత్వాకర్షణ ఉంది.

ఇసుకతిన్నె నుంచి ఏడుకొండల దాకా

ఇప్పుడు మన కొండను చూద్దాం. అలిపిరి దగ్గర అడుగున ఉన్నది గ్రానైట్ జాతి రాయి. 250 కోట్ల ఏళ్ళ పైమాటే. పైన ఉన్నది క్వార్ట్‌జైట్. భూవైజ్ఞానికులు దీనికి మన పక్కనున్న నగరి పేరే పెట్టారు, నగరి క్వార్ట్‌జైట్ అని. ఇది దాదాపు 160 కోట్ల ఏళ్ళనాటిదని భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ లెక్క. ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, రేణువుల మధ్య సిలికా చేరి గట్టిపడి రాయయింది. కడప, కర్నూలు ప్రాంతపు ఈ శిలలన్నింటినీ విలియం కింగ్ అనే భూవైజ్ఞానికుడు పరిశీలించి 1872లోనే పెద్ద గ్రంథం వేశాడు.

ఈ రెండు రాళ్ళూ కలిసే గీత ఘాట్‌రోడ్డు పక్కన కొండకోతలో కనపడుతుంది. కింది రాయి పుట్టాక, పై రాయి పరుచుకునేలోపు గడిచిన కాలానికి అక్కడ రాతి సాక్ష్యమే లేదు. ఒక లెక్కలో ఆ ఖాళీ యాభై కోట్ల ఏళ్ళు, మరో లెక్కలో ఎనభై కోట్లు. ఒక్క బెత్తెడు వెడల్పులో! దీన్ని, కొండమీది శిలాతోరణాన్ని కూడా జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించారు. 2025 సెప్టెంబరులో తిరుమల కొండల సహజ వారసత్వం యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. బస్సు కిటికీలోంచి చూసేవాళ్ళకు మాత్రం ఆ గీత కంటే ముందు మలుపులో వచ్చే వాంతే ఎక్కువ గుర్తుంటుంది, పాపం.

పొరలుగా పుట్టిన రాయి కాబట్టి దానికి పుట్టుకతోనే అడ్డగీతలున్నాయి. తర్వాత భూమి కదలికలకు నిలువు పగుళ్ళు వచ్చాయి. అడ్డం, నిలువు కలిస్తే ఏమవుతుంది? కొండ మొత్తం పెట్టెలు పెట్టెలుగా విడిపోతుంది. తిరుపతి నుంచి తలెత్తి చూస్తే కొండ అంచు గోడ కట్టినట్టు నిటారుగా కనిపించేది అందుకే. పెట్టెల వరుసలవి. శిలాతోరణం కూడా అలాంటి పొరల్లో బలహీనమైనది రాలిపోగా, బలమైనది వంతెనలా మిగిలిందే. ఎనిమిది మీటర్ల వెడల్పున్న ఆ తోరణాన్ని చూసి మనం దణ్ణం పెడతాం. అదే రాలడం రోడ్డు పైన జరిగితే భయపడతాం.

ఇక వాన. ఒక రాతి పలకను ఇంకో పలకమీద పెట్టి కిందిదాన్ని నెమ్మదిగా ఎత్తుతూ పోండి. ఎప్పుడో ఒకప్పుడు పైది జారుతుంది. పొడి రాళ్ళకు చాలావరకు 30 డిగ్రీల అటూ ఇటూ. దీన్నే టిల్ట్ పరీక్ష అంటారు. ఇంట్లో రెండు కడప బండ ముక్కలతో పిల్లలు కూడా చేయవచ్చు. జారుడుకోణం కంటే అతుకు వాలు తక్కువగా ఉన్నంతకాలం పెట్టె కదలదు. వెయ్యేళ్ళయినా కూర్చునే ఉంటుంది. కానీ దాని వెనక ఉన్న నిలువు పగులులో నీళ్ళు నిండాయనుకోండి. ఐదు మీటర్ల లోతు పగులు నిండితే, ప్రతి మీటరు వెడల్పుకూ పన్నెండున్నర టన్నుల బలంతో నీళ్ళు ఆ పెట్టెను ముందుకు తోస్తాయి. పగులు అరంగుళం వెడల్పున్నా అంతే, అరగజం ఉన్నా అంతే. నీటి బలం లోతును బట్టే గానీ వెడల్పును బట్టి ఉండదు. పైగా అడుగు అతుకులోకి చేరిన నీరు పెట్టెను కొంచెం పైకి లేపి ఒరిపిడిని తగ్గిస్తుంది. మధ్యలో బంకమట్టి ఉంటే సబ్బు రాసినట్టే. చెట్ల వేళ్ళు పగుళ్ళలో దూరి ఏళ్ళ తరబడి మేకుల్లా తోస్తుంటాయి. రాయి కొట్టే పెద్దాయన వరసగా గుంతలు తొలిచి ఇనుప మేకులు దిగేసి బండను చీల్చేది కూడా ఈ సూత్రంతోనే. నొక్కితే తట్టుకునే బలంలో పదో వంతు కూడా రాతికి, లాగితే తట్టుకునే బలం ఉండదు. ఆ రహస్యం ఆయనకు పుస్తకం చదవకుండానే తెలుసు.

అందుకే రాళ్ళు వాన కురిసేటప్పుడే పడాలని లేదు. నీరు లోపలి పగుళ్ళకు చేరడానికి గంటలు పట్టవచ్చు, రోజులు పట్టవచ్చు. 'వాన వెలిసింది, ఇంకేం భయం లేదు' అనుకోవడం కంటే పొరపాటు లేదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున్న క్వార్ట్‌జైట్ పెట్టె బరువు రెండున్నర టన్నులకు పైనే. అది 30 మీటర్ల ఎత్తు నుంచి పడితే రోడ్డును తాకేసరికి గంటకు 85 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉంటుంది. బస్సు పైకప్పు రేకు మందం మనకు తెలిసిందే.

1944 ఏప్రిల్‌లో మొదటి ఘాట్‌రోడ్డు తెరిచారు. 1974లో రెండోది వచ్చింది. కొండను కోసిన ప్రతిచోటా, కోట్ల ఏళ్ళుగా పక్క రాళ్ళ మధ్య ఇరుక్కుని కదలకుండా ఉన్న పెట్టెలకు ఒకవైపు ఆధారం తీసేసినట్టే. రోడ్డు వేయకూడదని కాదు. నడవలేని ముసలమ్మలకు ఆ రోడ్డే దిక్కు. కోసినచోట కోతకు తగ్గ కాపలా పెట్టాలి. వదులైన రాళ్ళను ముందే దించేయడం, పొడవాటి ఉక్కు కడ్డీలను లోపలిదాకా దిగేసి సిమెంటుతో బిగించడం, ఇనుప వల కప్పడం, కాంక్రీటు చిమ్మడం... ఇవన్నీ తెలిసిన పద్ధతులే. బిగించిన కడ్డీని యంత్రంతో లాగి చూసే పరీక్ష కూడా ఉంది. వీటన్నింట్లో నాకు బాగా నచ్చింది, అన్నింటికంటే చవకైనది, నీళ్ళు బయటికి పోవడానికి కొండలోకి తొలిచే సన్నటి బెజ్జాలు. పన్నెండున్నర టన్నుల తోపును ఒక గొట్టం తీసేస్తుంది. కానీ ఆ గొట్టం మట్టి పట్టి మూసుకుపోయిందా లేదా అని ఏటా వానలకు ముందు ఎవరో ఒకరు చూడాలి. రిబ్బన్ కత్తిరించడానికి పనికొచ్చే పని కాదది. వల కప్పేస్తే కనపడుతుంది, ఫొటో వస్తుంది. బెజ్జం శుభ్రం చేస్తే ఎవరికి కనపడుతుంది?

ఇంకో తమాషా. ఇంత గట్టి క్వార్ట్‌జైట్‌ను కంకర కొట్టి తారురోడ్డు వేస్తే ఏమవుతుంది? బ్రహ్మాండంగా ఉండాలి కదా! ఉండదు. అది దాదాపు అంతా సిలికా. సిలికాకు తారు కంటే నీళ్ళంటే ఇష్టం. వాన పడగానే నీరు రాతికీ తారుకూ మధ్య దూరి తారును ఒలిచేస్తుంది. దీనికీ ఒక పరీక్షుంది. తారు పూసిన కంకరను 40 డిగ్రీల వేడి నీళ్ళలో ఒక రోజు ఉంచి, ఎంత మేర తారు ఊడిందో చూస్తారు. ఐదు శాతం దాటకూడదు. దాటితే సున్నమో, మరో మందో కలపాలి. వానాకాలం పోయాక ఊరి రోడ్డు మీద కంకర తేలి, చేత్తో తీస్తే వచ్చేస్తుంటుందే, ఆ రోడ్డు కథ కొన్నిసార్లు ఇదే. అన్నిసార్లూ కాదు, మిగతా కారణాలు మీకూ తెలుసు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు ఇదంతా చదివి కంగారుపడక్కర్లేదు. మీ వాకిట్లో దించిన కంకరలోంచి దోసెడు తీసి చూడండి. పలకల్లా, సూదుల్లా ఉన్న ముక్కలు ఎక్కువగా ఉంటే మేస్త్రీని అడగండి. అవి కాంక్రీటులో అడ్డంగా పడి కింద ఖాళీలు మిగులుస్తాయి. చేతికి పొడి దట్టంగా అంటుకుంటే కడిగించండి. అనుమానం తీరకపోతే సివిల్ విభాగం ఉన్న కళాశాలల్లో చాలాచోట్ల ఫీజు తీసుకుని పరీక్ష చేసి కాగితం ఇస్తారు. శ్లాబు ఖర్చు ముందు ఆ ఫీజు లెక్కలోకే రాదు.

ప్రయోగశాల నుంచి వచ్చేస్తుంటే, పేలిపోయిన రాతి స్తంభపు ముక్కొకటి జేబులో వేసుకున్నాను. తర్వాతి వారం అలిపిరి మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు దాన్ని తీసి ఒక బండరాయికి తట్టి చూశా. ఖంగుమంది. పక్కనే మెట్టుకు బొట్టు పెడుతున్న ఒక అవ్వ తల తిప్పి చూసింది.

''ఏం నాయనా, రాయిని కొడతా ఉండావు?''

''పలుకుతుందో లేదో చూస్తున్నా అవ్వా.''

''పలకతాది పలకతాది'' అని, కొంగుతో చెమట తుడుచుకుని, పై మెట్టుకు వంగింది.